“అన్నా, మందు చెప్పు” అంటే ఏ మందు?

పత్తి మోకాలెత్తు వచ్చిందంటే చాలు, నల్లగొండ నుంచి నాగర్‌కర్నూల్ దాకా రైతుల వాట్సాప్ గ్రూపుల్లో ఒకే తీరు మెసేజీలు మొదలవుతాయి. “అన్నా, పత్తి ఎర్రవడ్డది. మందు చెప్పు.” కింద ఒక మసక ఫొటో. పది నిమిషాల్లో నాలుగు జవాబులు వస్తాయి. ఒకరు దోమ అంటారు. ఒకరు మెగ్నీషియం లోపమంటారు. మూడో ఆయన ఏ మాటా లేకుండా ఒక డబ్బా ఫొటో పెడతాడు. నాలుగో ఆయన చేతులు జోడించిన బొమ్మ పెడతాడు. పొద్దుగూకేసరికి దోమ అన్నాయన, మెగ్నీషియం అన్నాయన మాటామాటా అనుకుంటారు. అడిగిన మనిషి అప్పటికే దుకాణానికి పోయి, వాళ్లిచ్చింది తెచ్చి కొట్టేసి ఉంటాడు.

నిజానికి అక్కడ ఎవరూ తప్పు చెప్పలేదు. ఎర్రబడటానికి కారణాలు చాలా ఉన్నాయి, అడిగిన మాటలో ఏ కారణమో తేల్చే గుర్తు ఒక్కటీ లేదు. పచ్చదోమ రసం పీల్చితే ఆకు అంచులు ముందు పసుపు తిరిగి, కిందికి ముడుచుకొని, ఆ తర్వాత ఎర్రబడతాయి. ఆకు తిప్పి చూస్తే అడుగున పచ్చటి చిన్న పురుగులు పక్కవాటుగా నడుస్తూ కనిపిస్తాయి. మెగ్నీషియం లోపమైతే కింది ముదురాకుల్లో ఈనెలు పచ్చగానే ఉండి, ఈనెల మధ్య భాగం ఎర్రబడుతుంది. చేనులో నీళ్లు నిలిచినా, కాయ ముదిరే వేళ రాత్రి చలి పెరిగినా ఆకు రంగు మారుతుంది. కాబట్టి అడిగేవాళ్లు రాయాల్సిన ముక్కలు మూడే: ఏ ఆకు, కిందిదా పైదా, ఆకులో ఏ భాగం, అంచా ఈనెల మధ్యా, ఆకు అడుగున ఏమైనా కదులుతోందా. ఈ మూడూ ఉంటే దోమ, మెగ్నీషియం పంచాయితీ మొదలే కాదు.

వరికీ ఇదే లెక్క. “పొలం పచ్చవడ్డది” అంటే మనకు పసుపు తిరిగిందని అర్థం. కింది ముసలి ఆకులు పసుపైతే నత్రజని వైపు చూస్తారు. లేత ఆకులు పాలిపోతే ఇనుము, గంధకం వైపు చూస్తారు. నాటిన రెండు మూడు వారాలకు పైనుంచి మూడో నాలుగో ఆకు మీద తుప్పు రంగు మచ్చలొస్తే జింకు లోపాన్ని అనుమానిస్తారు. ఇక్కడ ఇంకో చిక్కుంది. మన దగ్గర పొలమంటే నీళ్లు పారే వరి మడి, వానకు పండేది చెలక. కృష్ణకు అవతలి ఒడ్డువాళ్లకు పత్తి చేను కూడా పొలమే. రెండు వైపులవాళ్లూ ఉన్న గ్రూపులో పంట పేరు రాయకుండా “పొలంల ఏసిన” అంటే సగం మంది ఒక తీరు, సగం మంది ఇంకో తీరు అర్థం చేసుకుంటారు.

దోమ, మందు, డోసు

తెలుగు రైతు మాటల్లో అన్నిటికన్నా ఎక్కువ బరువు మోసేది “మందు”. యూరియా బస్తా మందే, పురుగుకు కొట్టేది మందే, గడ్డికి కొట్టేది మందే, తెగులుకు వేసేది మందే. సాయంత్రం తాగేది కూడా మందే, దాన్ని గ్రూపులో ఎవరూ అడగరు. ఇంట్లో మాట్లాడుకునేటప్పుడు ఏ మందో సందర్భమే చెబుతుంది. నలభై ఊళ్లవాళ్లున్న గ్రూపులో ఆ సందర్భం ఉండదు. “వరికి కొట్టిన మందు మిగిలింది, పత్తికి కొట్టొచ్చా?” అని ఒకరు అడుగుతారు. అది పురుగు మందనుకొని ఒకరు “కొట్టొచ్చు” అంటారు. అది 2,4-డి కలుపు మందైతే పత్తి పని అయిపోయినట్టే. ఆ మందుకు పత్తి ఎంత సున్నితమంటే, పక్క మడిలో కొట్టింది గాలికి కొట్టుకొచ్చినా, సరిగా కడగని పంపులో మిగిలినా ఆకులు సన్నబడి మెలి తిరుగుతాయి. అందుకే ఎరువు, పురుగు మందు, తెగులు మందు, కలుపు మందు అని ముందు మాట చేర్చకుండా “మందు” అని ఒంటరిగా రాయొద్దు.

“దోమ” కూడా అలాంటిదే. వరిలో దోమంటే సుడిదోమ, దుబ్బు మొదట్లో నీటికి కాస్త పైన ఉంటుంది. పత్తిలో దోమంటే పచ్చదోమ కావచ్చు, తెల్లదోమ కావచ్చు. మూడూ వేర్వేరు పురుగులు. “రోగం వచ్చింది” అనే మాట ఇంకా వదులు. పురుగు తింటే ఒక దారి, శిలీంధ్రం వల్ల తెగులొస్తే ఇంకో దారి, పోషకం తక్కువైతే మరో దారి. వరిలో తెల్లకంకి కనిపించగానే చాలామంది తెగులంటారు. కంకిని పట్టి లాగితే తేలిగ్గా ఊడి వచ్చి, లోపల పురుగు కొరికిన గుర్తుంటే అది మొగి పురుగు పని. తెగులు మందు ఎంత కొట్టినా దానికేమీ కాదు.

ఇక డబ్బా ఫొటోల సంగతి. మందు దుకాణాల్లో వాడే మంచి మాట ఒకటుంది: “టెక్నికల్ పేరు”. డబ్బా మీద పెద్ద అక్షరాల్లో ఉండేది కంపెనీ పెట్టుకున్న పేరు. దాని కింద చిన్న అక్షరాల్లో ఉండేది టెక్నికల్ పేరు, అంటే లోపలున్న అసలు మందు పేరు, పక్కనే శాతం, ఆ తర్వాత రెండు మూడు అక్షరాలు. గ్రూపులో రాయాల్సింది ఈ చిన్న అక్షరాల లైను. ఇమిడాక్లోప్రిడ్ 17.8 ఎస్ఎల్ ఉంది, ఇమిడాక్లోప్రిడ్ 70 డబ్ల్యూజీ ఉంది. పేరు ఒకటే. మొదటి దాంట్లో నూరు గ్రాములకు 17.8 గ్రాముల అసలు మందు, రెండో దాంట్లో 70 గ్రాములు, అంటే దాదాపు నాలుగింతలు. “ఇమిడా కొట్టు” అని ఊరుకుంటే విన్నవాళ్లు ఒకదాని డోసుతో రెండోది కలుపుతారు.

చివరి అక్షరాలు మందు రూపాన్ని చెబుతాయి. ఎస్ఎల్ నీళ్లలో పూర్తిగా కరిగే ద్రావణం. ఈసీ నీళ్లలో పోస్తే పాలలాగా విరిసేది. ఎస్సీ చిక్కగా ఉండి అడుగున పేరుకునేది, డబ్బా బాగా ఊపాకే కొలవాలి. డబ్ల్యూపీ నీళ్లలో కలిపే పొడి. గుళికలు చల్లేవి, వాటిని నానబెట్టి పంపులో పోయమని ఎవరైనా రాస్తే ఆ సలహా పక్కన పెట్టండి. లేబుల్ మీది ముక్కోణపు రంగు విషం ఎంత తీవ్రమో చెబుతుంది: ఎరుపు అన్నిటికన్నా ఎక్కువ, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. ఆకుపచ్చ ఉందని ముక్కుకు గుడ్డ కట్టకుండా కొట్టమని కాదు.

డోసు దగ్గర తప్పులు ఎక్కువగా మందు వల్ల కాదు, “దేనికి” అన్న మాట జారిపోవడం వల్ల వస్తాయి. ఒకరు లీటరు నీటికి చెబుతారు, ఒకరు ట్యాంకుకు, ఒకరు ఎకరానికి. లీటరుకు 2 మి.లీ., ఎకరానికి 200 లీటర్ల నీళ్లు అనే లెక్క తీసుకుందాం. 16 లీటర్ల బ్యాటరీ పంపుకు 32 మి.లీ. పడుతుంది, ఎకరానికి పన్నెండున్నర పంపులు, మొత్తం 400 మి.లీ. అదే డోసుతో 20 లీటర్ల తైవాన్ పంపు పట్టుకొని ఎకరాన్ని ఆరు పంపుల్లో ముగించేస్తే చేనుకు పడేది 240 మి.లీ. మాత్రమే. మూడు రోజులకు గ్రూపులో “మందు పని చేయలే, నకిలీది” అని మెసేజీ వస్తుంది. దీనికి తోడు “రెండు మూతలు” అనే కొలత. ఏ డబ్బా మూత దానిదే. కొలత చెంచానో, సిరంజీనో పది ఇరవై రూపాయలకు దొరుకుతుంది.

ఎరువుల్లో ఇదే గందరగోళం ఇంకో వేషంలో వస్తుంది. వ్యవసాయ శాస్త్రవేత్తలు సిఫారసును పోషకాల్లో చెబుతారు. “24 కిలోల నత్రజని” అంటే 24 కిలోల యూరియా కాదు. యూరియాలో నత్రజని 46 శాతం, కాబట్టి 52 కిలోల యూరియా కావాలి. బస్తా ఇప్పుడు 45 కిలోలది, అంటే బస్తా మీద ఇంకో ఏడు కిలోలు. దుక్కిలో ఒక 50 కిలోల డీఏపీ బస్తా పడి ఉంటే అందులోంచి 9 కిలోల నత్రజని ముందే చేరింది, అది తీసేసి లెక్కకట్టాలి. జింకు సల్ఫేట్‌ను డీఏపీతో కలిపి చల్లొద్దని ఎవరో ఒకరు రాస్తూనే ఉంటారు, మంచిదే. భాస్వరంతో కలిస్తే జింకు మొక్కకు అందకుండా పోతుందని కారణం కూడా రాస్తే ఆ మాట గుర్తుంటుంది.

“కరెంటు తక్కువుంది” అన్నాయన, “ఎక్కువ తాగుతది” అన్నాయన

బోరు మోటార్ల దగ్గర తగాదాలు ఇంకా ముచ్చటగా ఉంటాయి. యాసంగిలో నీళ్లు కిందికి పోయినప్పుడు ఇలాంటిది వస్తుంది:

“కరెంటు తక్కువ వస్తుంది, మోటర్ ట్రిప్ కొడుతుంది.”
“తక్కువ ఉంటె ట్రిప్ ఎందుకు కొడతది? కరెంటు ఎక్కువ తాగుతుంది గావట్టే కొడుతుంది.”
“నా బాయికాడ నాకు తెల్వదా?”

ఇద్దరి మాటా నిజమే. మొదటాయన కరెంటు అన్నది ఓల్టేజీని. రెండో ఆయన కరెంటు అన్నది ఆంపియర్లను. ఓల్టేజీ పడిపోయినప్పుడు మోటారు అదే బరువు లాగడానికి ఆంపియర్లు ఎక్కువ తీసుకుంటుంది, బరువు మించితే మోటారును ఆపే ఓవర్‌లోడ్ రిలే ట్రిప్ అవుతుంది. ఇద్దరూ ఒకే సంగతిని రెండు కొసల నుంచి పట్టుకొని గుంజుతున్నారు. తెలుగులో కరెంటు అంటే లైను, సరఫరా, ఓల్టేజీ, ఆంపియరు అన్నీనూ. దీన్ని మార్చలేం, మార్చాల్సిన పనీ లేదు. ట్రిప్ గురించి రాసేటప్పుడు మాత్రం ఓల్టులు, ఆంపియర్లు అని విడదీసి అంకెలు రాయాలి. మూడు ఫేజుల మధ్య ఓల్టేజీ రెండేసి చొప్పున మూడు కొలతలు, 415 దగ్గర ఉండాలి. వైరుకు తగిలించి ఆంపియర్లు చూసే టాంగ్ టెస్టర్‌తో మూడు వైర్లకూ విడివిడిగా ఆంపియర్లు. మోటారు నేమ్ ప్లేటు మీదున్న ఆంపియర్లు. ఈ ఏడు అంకెలు పెడితే చదివే మెకానిక్ ఇంట్లో కూర్చునే సగం జబ్బు చెప్పగలడు. ఓల్టేజీ మూడూ సమంగా ఉండి ఆంపియర్లు మూడూ పెరిగితే పంపు బిగుసుకుందేమో చూడాలి. ఒక వైరులో ఆంపియర్లే లేకుండా మిగతా రెంటిలో బాగా పెరిగితే ఫేజు పోయినట్టు. అట్లాగే నడిపిస్తే వైండింగ్, అంటే మోటారు లోపలి తీగ చుట్టలు, కాలుతుంది.

“మోటర్ కాలింది” అనేది కూడా తీర్పే తప్ప గుర్తు కాదు. కనిపించింది ఏమిటో రాయాలి. స్టార్టర్ పట్టుకోవడమే లేదంటే లోపం పైనే ఉండొచ్చు, కాయిల్‌లోనో ఫేజులోనో. పట్టుకొని కొద్దిసేపటికి వదిలేస్తే ఓవర్‌లోడ్. ఫ్యూజు వేసిన వెంటనే పోతే కేబుల్లోనో వైండింగ్‌లోనో షార్ట్. మోటారు తిరుగుతూ నీళ్లు రాకుండా, ఆంపియర్లు మామూలు కన్నా తగ్గితే నీటి మట్టం పంపు కిందికి పోయిందేమో, పైపు ఎక్కడన్నా ఊడిందేమో చూడాలి. ట్రాన్స్‌ఫార్మర్ మార్చిన మర్నాడు నీళ్లు సగానికి పడిపోయాయా? ఫేజుల వరుస మారి మోటారు వెనక్కి తిరుగుతుండవచ్చు. లైను ఆపేశాక స్టార్టర్ దగ్గర ఏ రెండు వైర్లయినా అటూ ఇటూ మారిస్తే సరిపోతుంది. దానికి బోరు గుంజించి వేలు ఖర్చు పెట్టినవాళ్లున్నారు. మోటారు నిజంగా కాలిందో లేదో తేల్చేది మెగ్గరు పరీక్ష, అంటే తీగల మీది ఇన్సులేషన్ బాగుందో లేదో కొలిచేది. కేబుల్ జాయింటు దగ్గర నీళ్లు దిగినా మెగ్గరు తక్కువే చూపిస్తుంది కాబట్టి, పైకి తీశాక జాయింటు కోసి మోటారును విడిగా మళ్లీ చూడాలి.

కొత్త మోటారు అడిగేవాళ్లు “350 ఫీట్ల బోరు, ఎన్ని హెచ్‌పీ పెట్టాలె?” అంటారు. ఆ 350 దాదాపు అక్కరకు రాని అంకె. కావాల్సినవి వేరే లోతులు: మోటారు దింపిన లోతు, ఆపి ఉంచినప్పుడు నీళ్లు నిలిచే మట్టం, నడుస్తుండగా నీళ్లు దిగే మట్టం. హెడ్డు, అంటే పంపు నీళ్లను ఎత్తాల్సిన మొత్తం ఎత్తు, లెక్క మొదలయ్యేది ఈ చివరి దాని నుంచి. దానికి నీళ్లు ఎక్కే ఎత్తు, పైపులో రాపిడి కలుపుతారు. అవసరానికి మించిన పంపు పెడితే బోరులో ఊరే దానికన్నా వేగంగా తోడి “గ్యాప్” ఇస్తుంది, అంటే నీళ్లు ఆగి ఆగి వస్తాయి. “రెండించుల నీళ్లు” అని రాస్తే అది పైపు సైజో, ధార మందమో ఎవరికీ అర్థం కాదు. 200 లీటర్ల డ్రమ్ము పెట్టి ఎన్ని సెకన్లలో నిండిందో రాయండి. నూరు సెకన్లు పడితే సెకనుకు రెండు లీటర్లు.

వానలు బాగా పడ్డ ఏడు ఇదే జబ్బు ప్రాజెక్టుల మీదికి పోతుంది. “సాగర్‌కు లక్ష టీఎంసీలు వస్తున్నయ్” అని ఎవరో ఒకరు రాస్తారు. నాగార్జునసాగర్ నిండుగా, 590 అడుగుల దగ్గర ఉంటేనే సుమారు 312 టీఎంసీలు. క్యూసెక్కు అంటే పారే వేగం, సెకనుకు ఒక ఘనపుటడుగు. టీఎంసీ అంటే నిలిచిన నీళ్ల కొలత, వంద కోట్ల ఘనపుటడుగులు. 11,574 క్యూసెక్కులు ఒక రోజంతా పారితే ఒక టీఎంసీ, లక్ష క్యూసెక్కులైతే రోజుకు 8.64 టీఎంసీలు.

మాట తీరు

ఇంత పద్ధతిగా రాయాలంటే తెలుగును సంస్కృతం చేయాలని కాదు. సబ్‌మర్సిబుల్‌ను “జలాంతర మోటారు” అంటే పానగల్లు మెకానిక్‌కైనా దేవరకొండ మెకానిక్‌కైనా అర్థం కాదు. కెపాసిటర్, రిలే, ఇంపెల్లర్ అట్లాగే ఉండనివ్వండి. మొగి పురుగును మాత్రం “స్టెమ్ బోరర్” అనాల్సిన అవసరం లేదు. అవతలివాళ్లు చేతిలో పట్టుకునే వస్తువుకు వాళ్లు వాడే పేరే సరైన పేరు.

అడిగేటప్పుడు అంతా ఒకే మెసేజీలో ఉండాలి. “అన్నా”, “ఉన్నరా”, “ఒక డౌట్” అని మూడు ముక్కలు పంపి ఆగిపోతే 200 మంది ఫోన్లు మూడుసార్లు మోగుతాయి. ఫొటో ఎండ వెలుగులో, ముందు మొత్తం మొక్క, తర్వాత ఆకు పైభాగం, ఆ తర్వాత అడుగు. పక్కన రూపాయి బిళ్ల పెడితే సైజు తెలుస్తుంది. రాయడం రానివాళ్లు మాట్లాడి పంపడంలో తప్పేమీ లేదు. నిమిషం దాటకుండా, పంట, వయసు, ఎకరాలు ముందే చెబితే ట్రాక్టరు మీదున్నాయన కూడా వింటాడు.

పిలుపుల సంగతి కాస్త సున్నితం. మన దగ్గర నోటితో “నువ్వు” అంటే చిన్నచూపు కాదు, పెద్దమనిషిని కూడా “ఏంది పటేలా, నువ్వే చెప్పు” అంటాం. రాతలో గొంతు వినిపించదు, నవ్వు కనిపించదు. ముక్కూ మొహం తెలియని వాళ్లకు “మీరు” రాయడమే మేలు. గ్రూపులో మహిళా రైతులు ఉన్నప్పుడు అందరినీ “అన్నలారా” అని పిలిచి ఊరుకోవడం కూడా బాగుండదు. “అక్కలు, అన్నలు” అంటే పోయేదేముంది.

దిద్దేటప్పుడు మాటను దిద్దాలి, మనిషిని కాదు. “డీఏపీల పొటాష్ యాడుంటది, చదువుకోని మాటలు” అని రాసినాయన చెప్పిన సంగతి సరైనదే. కానీ ఆ గ్రూపులో ఆ రైతు ఇక నోరు విప్పడు. “అన్నా, డీఏపీ బస్తా మీద 18-46-0 ఉంటది. మూడోది పొటాష్, అది సున్నా. పొటాష్‌కు వేరే ఎయ్యాలె” అంటే బస్తా చూసుకొని ఆయనే సర్దుకుంటాడు. వాళ్ల యాసను, అక్షర దోషాలను ఎత్తిచూపడం అసలే వద్దు.

మన యాసలో ఒక సౌకర్యముంది, దాన్ని వాడుకోవాలి. “మేం గిట్ల చేసినం, తగ్గింది” అనడం వేరు, “గిట్ల చేయాలె” అనడం వేరు. మొదటిది ఒక చేనులో జరిగిన సంగతి, రెండోది సిఫారసు. మీ చేనులో పనికొచ్చిన దాన్ని “చేసినం” దగ్గరే ఆపండి. సిఫారసు కావాలంటే డబ్బా లేబుల్ ఉంది, మీ క్లస్టర్ ఏఈఓ (వ్యవసాయ విస్తరణ అధికారి) ఉన్నారు, కంపాసాగర్, పాలెం, గడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రాలున్నాయి, 1800-180-1551 కిసాన్ కాల్ సెంటర్ ఉంది. మీది మందుల దుకాణమైతే ఆ సంగతి ముందే చెప్పి సలహా ఇవ్వండి.

కొన్ని మాటలు బరువైనవి, తొందరపడి రాయొద్దు. “నకిలీ” అందులో ఒకటి. పని చేయకపోవడం, గడువు తీరిపోవడం, నకిలీ కావడం, మూడూ ఒకటి కాదు. అనుమానముంటే డబ్బా, బిల్లు, బ్యాచ్ నంబరు దాచి వ్యవసాయ అధికారికి రాతపూర్వకంగా ఇవ్వాలి. 1968 నాటి పురుగు మందుల చట్టం ప్రకారం నమూనా తీసి ల్యాబుకు పంపే అధికారం ఇన్‌స్పెక్టర్‌దే. ఆ ఫలితం రాకముందే దుకాణం పేరు పెట్టి నకిలీ అంటే గొడవ మీ మెడకు చుట్టుకుంటుంది. పాసు పుస్తకం, ఆధార్ ఫొటోలు గ్రూపులో పెట్టొద్దు. సర్వే నంబరు మీద సందేహముంటే ఆ ఒక్క లైను టైపు చేస్తే చాలు.

“ఏబీ స్విచ్ లాగి ఫ్యూజు నువ్వే ఏసుకో, ఏం కాదు” అనే జవాబు మాత్రం ఎంత మంచి మనసుతో రాసినా తీసేయాల్సిందే. ఏబీ స్విచ్ అంటే ట్రాన్స్‌ఫార్మర్‌కు వచ్చే లైను తెంచేది, దాన్ని లాగినా మూడు బ్లేడ్లలో ఒకటి అతుక్కుని ఉండిపోవచ్చు. అది లైన్‌మన్ ఎల్‌సీ (లైను ఆపించే అనుమతి) తీసుకొని చేసే పని, పిలవాల్సిన నంబరు 1912.

పని అయ్యాక ఏమైందో రాయడం చాలామంది మరిచిపోతారు. వచ్చే యాసంగిలో ఇంకొకరికి అదే బాధ వచ్చి గ్రూపులో వెతికితే దొరికేది టైపు చేసిన అక్షరాలే, ఫొటోలూ వాయిస్‌లూ వెతుకులాటకు అందవు. అందుకని మొన్నటి ప్రశ్నకే రిప్లై కొట్టి ఇట్లా పెడితే చాలు: “5 హెచ్‌పీ సబ్‌మర్సిబుల్, 280 ఫీట్ల దగ్గర. ట్రిప్ కొట్టింది కేబుల్ జాయింటు పోయి. మోటర్ మెగ్గరు బాగనే ఉంది, కాలలే. జాయింటు కొత్తది ఏసినం, ఆంపియర్లు మూడు వైర్లల్ల సమానం. చెప్పిన అన్నలకు, అక్కలకు దండాలు.”